కరువు ఊళ్లో పెళ్లి షోకేసు

పావగడ ఎక్కడుందని బెజవాడలో పది మందిని అడగండి, పది మందీ మీ మొహం వంక చూస్తారు. మొన్నటిదాకా నేనూ అంతే. పేరుకు కర్ణాటకలో తుమకూరు జిల్లా, చుట్టూ చూస్తే మన అనంతపురం జిల్లా. ఆఫీసు బోర్డులు కన్నడంలో ఉంటాయి, తిట్లు మాత్రం శుభ్రమైన తెలుగులో ఉంటాయి. నేను వెళ్లొచ్చాను కాబట్టి, మీరెవరూ వెళ్లేలా లేరు కాబట్టి రాస్తున్నాను. సరదా ప్రయాణం చదువుదామని కూర్చున్నవాళ్లు ఇక్కడే లేచిపోతే మంచిది.

నా పనేమిటో ముందు చెప్పాలి. బట్టల షాపుల్లో రోడ్డు వైపు అద్దం బిగించి, దాని వెనక బొమ్మల్ని నిలబెట్టి చీరలు కడతారు చూడండి, ఆ షోకేసులు అమర్చేది నేను. బొమ్మల్ని కూడా నేనే చేస్తాను, పాత పేపర్లు నానబెట్టి గుజ్జు చేసి, వెదురు బద్దల మీద మెత్తి. మా అమ్మకు ఈ పని చివరిదాకా నచ్చలేదు. "పరాయి ఆడవాళ్లకు చీరలు కట్టే ఉద్యోగమేమిట్రా" అనేది. దారిన పోయేవాడి కన్ను ముందు బొమ్మ మొహం మీద పడాలి, అక్కణ్నుంచి భుజం మీదికి, భుజం మీంచి పైట వెంట అంచుదాకా జారాలి, అప్పుడు వాడి కాలు షాపులోకి తిరగాలి. మా విద్యంతా ఇంతే.

పావగడ బట్టల వ్యాపారి నాగరాజ శెట్టి సరుకు కోసం బెజవాడ వచ్చి, నేను కట్టిన షోకేసు ముందు కాళ్లకు మేకులు కొట్టినట్టు నిలబడిపోయాడట. తన అంగడికీ అలాంటిదే కావాలని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అదీ పెళ్లి షోకేసే కావాలి. మీ వైపు వరసగా వానలు లేవటగా, ఎవరు కొంటారండీ అని అడిగాను.

"పంట లేకుంటే పండగ ఆగతాది గానీ పెండ్లి ఆగదు సారూ. ఒక పూట కూడు మానుకోనైనా కోక కొంటారు" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు మహా తెలివిగా వినిపించింది.

హిందూపురం బస్సు

రైలు దిగి హిందూపురంలో బస్సెక్కాను. బొమ్మను గోనెసంచుల్లో చుట్టి, గడ్డి కూరి, టాపు మీద వేయించాను. సంచిలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది, గోళ్లరంగుతో సహా. కండక్టరు నిచ్చెన మీదే ఆగిపోయాడు.

"ఏంది సారూ ఇది? మనిషైతే టికెట్టు తీసుకోవల్ల, శవమైతే పోలీసోళ్లకు చెప్పల్ల."

బొమ్మ అని నమ్మించేసరికి నా ప్రాణం తోకకొచ్చింది. నమ్మాక లగేజి టికెట్టు కొట్టి, ఆ వేళ్లను ఒకసారి పట్టి చూసి మరీ దిగాడు.

కృష్ణా కాలవ గట్టు మీద పుట్టినవాణ్ని, ఎండ అంటే నాకు తెలుసనే అనుకున్నాను. ఇక్కడి ఎండ వేరు, దానికి అడ్డం వచ్చేది ఏదీ లేదు. శెనగ చేలు (వాళ్లు శెనక్కాయ అంటారు, మనం వేరుశెనగ అనేది) జానెడు ఎత్తు కూడా పెరగకుండా మాడిపోయి ఉన్నాయి. ఒక చోట రోడ్డు పక్క గుంపుగా గొర్రెల్ని తోలుకుపోతున్నారు, ముసలీ ముతకా మూటలతో సహా. ఎక్కడికని నా పక్కనాయన్ను అడిగాను. "నీళ్లుండే తావుకు" అన్నాడు. ఆ తావు ఎక్కడని అడిగితే, "అది తెలిస్తే నేను గూడా పోదును కదప్పా" అన్నాడు.

ఆ రోడ్డు సంగతి రాసి లాభం లేదు. పావగడలో సంచి విప్పేసరికి బొమ్మ కుడికాలు మడమ దగ్గర విరిగింది, మెడ వదులైంది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, అతికించే జిగురు డబ్బా కూడా మూత ఊడి సంచి పాలైంది.

పావగడ

ఊరి మీద రాళ్లకొండ, కొండ మీద కోట. ఎక్కుదామనుకున్నాను గానీ, చెప్పుల్లోంచి కూడా కాళ్లు కాలాయి, మానుకున్నాను. అంగడి వెనకే ఉన్న శెట్టిగారింట్లో దిగాను. స్నానానికి ఒక బిందె ఇచ్చి, వాడిన నీళ్లు తొట్టిలో పట్టమన్నారు, అంట్లకు కావాలట. బిందె నీళ్లు ముప్పావలా పెట్టి కొంటారు, హోటల్లో కాఫీ కూడా అంతే. తాగితే ఆ నీళ్లలో ఏదో సుద్ద రుచి. ఊళ్లో చిన్నపిల్లలకు కూడా పళ్ల మీద పసుపు చారలున్నాయి, నడి వయసువాళ్లు మోకాళ్లు పట్టుకుని లేస్తున్నారు. నీళ్ల దోషమే అన్నారు. దోషమని తెలిసీ కొనుక్కునే తాగాలి.

తిండి మాత్రం బాగుంది, అబద్ధం చెప్పకూడదు. రాగిసంగటి ముద్ద, శెనక్కాయలు నూరి చేసిన ఊరిబిండి అనే పచ్చడి. మొదటి రోజు అలవాటు కొద్దీ సంగటిని నమిలాను. శెట్టిగారి ఇల్లాలు పమిట అడ్డం పెట్టుకుని నవ్వి, "నమలకూడదు సారూ, అట్లే మింగల్ల" అంది. అన్నం ఎవరూ అడగలేదు, పెట్టలేదు. బియ్యం అంటే అక్కడ పండగ సరుకు.

శెట్టి అంగడి అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని ఒక మనిషి కూర్చునేది, పేరు హనుమక్క. నలభై దాటి ఉంటాయి. అంగట్లో కోక కొన్నవాళ్లకు రైకలు కుట్టేది. వాళ్లది నాగలమడిక అవతల ఒక పల్లె. ఆ పల్లె పేరు రాయను, ఎందుకో చివరికి మీకే అర్థమవుతుంది. గొర్రెలు కాచుకునే కుటుంబం, తమ్ముడు ఇంకా అదే పనిలో ఉన్నాడు. నాకు గుండుసూదులు, దారం అందించే పని శెట్టి ఆమెకు పురమాయించాడు. మాట తక్కువ, చెయ్యి శుభ్రం. విరిగిన కాలు చూసి, "అయ్యో పాపం" అంది, నాతో కాదు, బొమ్మతో.

అద్దం వెనక

కాలు విరిగిన బొమ్మ నిలబడదు. కూర్చోబెడదామన్నాను. పెళ్లికూతురు పీటల మీద కూర్చోదా ఏమిటి? కుర్చీ తెప్పించి, ముదురు ఎరుపు పట్టుచీర కట్టి కూర్చోబెట్టాను. ముందుకు ఒరిగిపోతుంటే నడుము చుట్టూ గుడ్డపట్టీ వేసి కుర్చీకి బిగించాను. మెడ వాలిపోతోంది. గడ్డం కిందనుంచి తల మీదికి తెల్ల రిబ్బను కట్టి, పైన పూలదండ తిప్పి కప్పేశాను. మెడలో బంతిపూల మాల, చెరో పక్కా ఒక దీపపు సెమ్మె, పాదాల దగ్గర పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. అద్దం మీద తెల్లటి జింకు పొడి నీళ్లలో కలిపి 'పెళ్లి చీరలు' అని తెలుగులో, కన్నడంలో రాశాను. కన్నడం శెట్టి చెప్పాడు.

హనుమక్క రెండు మూడుసార్లు ఏదో చెప్పబోయింది.

"సావుకారీ, ఇట్ల కూర్చోబెడితే..."

"నీ మిషను కాడికి పో మే. బెజవాడ సారుకు నువ్వు నేర్పుతావా?" అన్నాడు శెట్టి.

ఆమె పోయి మిషను తొక్కుకుంది. నేను రోడ్డు అవతలికి వెళ్లి చూసుకున్నాను. కన్ను మొహం మీద పడింది, భుజం మీదికి జారింది, అంచుదాకా వచ్చింది. బ్రహ్మాండం అనుకున్నాను. నా మొహం!

సంత రోజు

మర్నాడు సంత. పల్లెల నుంచి జనం వచ్చారు. అద్దానికి పదడుగుల దూరంలో ఆగిపోయారు, ఒక్కళ్లూ దగ్గరికి రారు. బెజవాడలో అయితే అద్దానికి ముక్కు ఆనించి చూస్తారు. ఇక్కడ ఒక పెద్దాయన తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇంకొకాయన చెప్పులు విడిచాడు. నాకు గర్వంగా ఉంది, కళకు ఇంత మర్యాద ఎక్కడా చూడలేదు.

ఒకావిడ తన కొప్పులోని కనకాంబరాలు తీసి అంగడి గడప దగ్గర పెట్టి, నన్ను మెల్లిగా అడిగింది.

"ఎప్పుడు పోయింది సారూ?"

"పొద్దున్నే పోయిందమ్మా. సాయంత్రానికి వస్తుందంటున్నారు" అన్నాను. నేను కరెంటు సంగతి చెబుతున్నాను.

ఆవిడ నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఇంతలో ఒక అవ్వ అరుగు దగ్గర చతికిలబడి రాగం అందుకుంది, "నీకేమి వయసైందని పోతివమ్మా" అని. నలుగురు ఆడవాళ్లు ఆమె పక్కన చేరారు. అప్పుడు శెట్టి గల్లా దగ్గర నుంచి ఒక్క దూకు దూకాడు.

ఆ వైపు కొన్ని కులాల్లో పోయినవాళ్లను పడుకోబెట్టరు. గోడకు ఆనించి కూర్చోబెడతారు. కొత్తబట్ట కట్టి, ఒరిగిపోకుండా నడుముకు గుడ్డ బిగించి, నోరు తెరుచుకోకుండా గదమ కింద గుడ్డ కట్టి, అటూ ఇటూ దీపాలు పెడతారు. నేను నా తెలివంతా ఉపయోగించి నడిబజార్లో ఒక శవాన్ని అలంకరించాను. ఏ ఒక్కటీ తప్పు పోలేదు, కొబ్బరికాయతో సహా.

"ముందే చెప్పొచ్చుగా" అని హనుమక్క మీద ఎగిరాను.

"చెప్పబోతి. పొమ్మనిరి" అంది.

శెట్టి తెర లాగేశాడు. కరువులో అధికమాసం అంటే ఇదే, అసలే బేరాల్లేని అంగడికి చావు అంటగట్టావు సారూ అని తల కొట్టుకున్నాడు. సంత జనం చెదిరిపోయారు. ఒక్క హనుమక్క మాత్రం తెర పక్కన నేల మీద కూర్చుని ఏడుస్తోంది. నేను అరిచినందుకేమో అనుకుని దగ్గరికి వెళ్లాను.

"మీ గురించి కాదు సారూ. మాయమ్మకు ఇట్ల చేయలేకపోతిమి" అంది.

తొన్ను

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఆమె తల్లి ఓబులమ్మకు తొన్ను. మనం బొల్లి అంటాం, ఒంటి మీద తెల్లమచ్చలు, అంతే. అది అంటదు, చంపదు. కానీ మొగుడు విడిచి వెళ్లిపోయాడు. ఊరి చివర గుడిసెలో పిల్లల్ని, గొర్రెల్ని పెంచుకుంటూ బతికింది. పేరంటానికి పిలిచినవాళ్లు లేరు. పోయిన చలికాలంలో చనిపోయింది.

వాళ్ల కులంలో పూడ్చడమే ఆనవాయితీ. కానీ తొన్ను ఉన్న మనిషిని పూడిస్తే మబ్బు నిలవదని, వాన ఆగిపోతుందని, కాల్చాలని ఆ వైపు నమ్మకం. తమ్ముడు ఈరన్నకు తల్లిని కాల్చడానికి మనసొప్పలేదు. ఊరు లేవకముందే ఆమె కప్పుకునే కంబళిలోనే చుట్టి పూడ్చిపెట్టారు. కూర్చోబెట్టలేదు, దీపం పెట్టలేదు, ఏడిస్తే వినబడుతుందని ఏడవలేదు.

ఈ ఏడూ వాన రాలేదు. ఊరికి కారణం దొరికింది. సమాధి తవ్వి, తీసి, ఏట్లో కాలుస్తామంటున్నారు. ఆ కబురు చెప్పడానికే ఈరన్న సంతకు వచ్చాడు. సన్నటి మనిషి, భుజం మీద కంబళి, కళ్లు నేల మీదే.

"ఒప్పుకోకుంటే బోరు కాడికి గొర్రెల్ని రానీమంటాండారక్కా. ఇప్పటికే నాలుగు పడిపాయె" అన్నాడు.

"గొర్రెల కోసం అమ్మను తవ్విస్తావా?"

"ఏం చేయమంటావు? చెప్పు, అదే చేస్తా."

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మనవాళ్లంటారు. ఆ ఊళ్లో తెలిసిపోయింది, రెంటికీ ముడిపెట్టేశారు. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ పావగడ ఎండలో బెజవాడ కోపం ఎవరికి కావాలి?

హనుమక్క కొంగుతో మొహం తుడుచుకుని తెర వైపు చూసింది.

"మనిషి దూరాన పోయి శవం దొరక్కుంటే పిండిబొమ్మ చేసి కాలుస్తారు కదా సారూ. అది చెల్లుతాది కదా. ఈ బొమ్మ కాగితమే కదా. దీన్నే మాయమ్మ అనుకోని కాల్చమంటా. మాయమ్మను కదిలించకుండా ఇడిస్తే చాలు."

ఈరన్న ఆ మాట పట్టుకుని ఊరికి పరిగెత్తాడు. మర్నాడు జవాబు తెచ్చాడు. ఊరి పెద్ద తిమ్మప్ప ఒప్పుకున్నాడు. ఒకటే షరతు: కాల్చేది తొన్నును కాబట్టి బొమ్మ ఒంటి మీద తొన్ను ఉండాలి, ఓబులమ్మకు ఎక్కడెక్కడ ఉందో అక్కడే.

శెట్టికి ఆ బొమ్మ మొహం చూడాలంటేనే భయంగా ఉంది. "తీసుకోనిపోండి, మళ్లా నా అంగడికి తేవద్దండి" అన్నాడు. "పట్టు కోక మాత్రం ఇప్పేసి పోండి" అని కూడా అన్నాడు.

మచ్చలు

నా ఆయిల్ రంగులు బెజవాడలోనే ఉన్నాయి. చేతిలో ఉన్నది అద్దం మీద రాసే జింకు పొడి. అదే నీళ్లలో చిక్కగా కలిపాను. హనుమక్క నా ముందు కూర్చుని కళ్లు మూసుకుంది.

"పెదవికి ఎడమ పక్క. కాదు సారూ, ఇంకా చిన్నది, కందిబేడంత. అది నా పెండ్లి యేడు పుట్టింది. చెవి తమ్మె కింద ఒకటి. ఆ... ఇంకొంచెం మెడ మీదికి జార్చండి. చేతివేళ్ల కొసలు అన్నీ. పిండి పిసికి కడుక్కోనట్టు ఉండేవి. ఎడమ మణికట్టు మీద మాత్రం లేదు, ఆడ గాజులేసుకునేది, అందరికీ ఆ చెయ్యే చూపిస్తాండె."

పాతికేళ్లుగా బొమ్మలకు రంగులు వేస్తున్నాను, ఒక మనిషిని వేయడం అదే మొదలు. హనుమక్క కళ్లు తెరిచి చూసి, "మాయమ్మే" అంది.

ఆమె ట్రంకుపెట్టెలోంచి తల్లి కోక తీసింది. ఆకుపచ్చ నూలుది, ఎర్రంచు. మొగుడు విడిచినా ముత్తైదువే కదా సారూ, పసుపు పూయండి, పెద్ద బొట్టు పెట్టండి, ఎవరూ పేరంటానికి పిలవలేదు, ఇప్పుడన్నా అట్ల పోనీ అంది. ఆకుపచ్చ గాజులు తెచ్చింది, ముక్కుకు గిల్టు ముక్కెర తెచ్చింది. నేను కుచ్చిళ్లు దిద్ది, పైట పొర మీద పొర పేర్చి కట్టాను. కాలిపోయే బొమ్మే కదా అని మొక్కుబడిగా కట్టలేకపోయాను. పట్టుచీరకు రాని కళ ఆ పాత నూలు కోకకు వచ్చింది, ఆ సంతోషం నాకుండింది, అబద్ధమెందుకు.

ఏట్లో

నాగలమడిక బస్సులో బొమ్మను కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాం. ఈరన్న మొహం చూసి కండక్టరు ఏమీ అడగలేదు. నాగలమడికలో దిగి, అక్కణ్నుంచి ఎద్దులబండి. ఉత్తర పినాకిని అని పెద్ద పేరున్న ఏరు. ఏటికి ఆ గట్టు నుంచి ఈ గట్టుదాకా ఇసుక, ఇసుకలో చెలమలు, ఒక్కో చెలమ చుట్టూ బిందెలు. చెలమలోంచి కొబ్బరిచిప్పతో తోడి, గుడ్డలో వడకట్టి నింపుకుంటున్నారు. నీళ్ల మధ్య పుట్టినవాడికి ఏరంటే ఇదా అని ఏడుపొస్తుంది.

ఏటి గట్టు మీదే ఓబులమ్మ సమాధి, నాలుగు రాళ్లు పేర్చి ఉంది. దానికి కాస్త దూరంలో కంప, ఎండిన శెనక్కాయ చెట్టు పోగేసి చితి పేర్చారు. ఊరు ఊరంతా వచ్చింది. తిమ్మప్ప అరవై దాటిన మనిషి, మెత్తటి గొంతు. నాకు కూర్చోడానికి గోనెపట్టా వేయించాడు. నేను రాక్షసుణ్ని చూస్తానని వెళ్లాను, దొరకలేదు.

బొమ్మను బండి చక్రానికి ఆనించి కూర్చోబెట్టారు. దీపం పెట్టారు. ఒక్కొక్కరే ఆడవాళ్లు వచ్చి, పూలు పెట్టి, పాదాలు ముట్టుకున్నారు. హనుమక్క నా పక్కన నిలబడి ఉంది.

"మాయమ్మ కాడికి ఇంతమంది ఎప్పుడూ రాలేదు సారూ" అంది. ఆమె మొహంలో మొదటిసారి కాస్త నిమ్మళం చూశాను.

అప్పుడు ఒక అవ్వ చెంబు తెచ్చింది. సాగనంపే ముందు మొహం కడగాలట, ఆనవాయితీ. కొంగు తడిపి పెదవి మూల తుడిచింది. కందిబేడంత మచ్చ కొంగుకు అంటుకుని పోయింది. అవ్వ ఆగి, చూసి, చెవి కింద తుడిచింది. అదీ పోయింది. వేళ్లు తుడిచింది. పసుపు రంగు మొహం, పెద్ద బొట్టు, ముక్కెర, ఆకుపచ్చ గాజులు, ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. అవ్వ చెంబు వదిలేసి రెండు చేతులూ ఎత్తింది.

"తొన్ను లేదు! చూడండప్పా, తొన్ను లేదు! ఈయమ్మ ఓబులమ్మ కాదు, అమ్మోరు!"

జనంలో గుజగుజ. ఒకరు మొక్కారు, వెనకాల పది మంది మొక్కారు. నేను లేచి గట్టిగా అరిచాను. అది జింకు పొడి, నీళ్లు తగిలితే పోతుంది, లోపలంతా బెజవాడ న్యూసుపేపరు, నేనే చేశాను అన్నాను. "పొడి ఉంటే మళ్లీ పెడతాను, ఒక్క నిమిషం ఆగండి" అన్నాను.

"అమ్మోరికి తొన్ను పెడతావా నువ్వు?" అని ఎవరో నా రొమ్ము మీద చెయ్యి వేసి తోశారు. ఇసుకలో వెల్లకిలా పడ్డాను.

తిమ్మప్ప బొమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు. హనుమక్క అతని కాళ్ల దగ్గర కూర్చుంది.

"మామా, ఒప్పుకుంటివి కదా. బొమ్మను కాలుస్తామంటివి కదా."

"అంటి మే. ఇట్లుంటాదని తెలీదు కదా. ఇంత లచ్చనమైన ముత్తైదువను మంట్లో ఏస్తే ఉండే నాలుగు చెలమలు గూడా ఎండిపోతాయి. ఎవురేస్తారు చెప్పు, నేను ఎయ్యలేను" అన్నాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి. కాగితానికి.

"మరి వాన?" అన్నారెవరో వెనక నుంచి.

చితి పేర్చి సిద్ధంగా ఉంది. అందరూ రాళ్ల వైపు తిరిగారు.

హనుమక్క పరిగెత్తి సమాధి మీద బోర్లా పడుకుంది. నలుగురు ఆడవాళ్లు చేతులూ కాళ్లూ పట్టి లేపారు. కొట్టలేదు, తిట్టలేదు, "వద్దులే అక్కా, ఊరి కోసం" అంటూ బుజ్జగిస్తూ లాక్కుపోయారు. మొదటి పార రక్తసంబంధం వేయాలట. ఈరన్న వేశాడు. గొర్రెలు అవతల గట్టున అరుస్తున్నాయి.

మిగతాది నేను చూడలేదు. చూడలేదంటే కళ్లు మూసుకున్నాను, ముక్కు మూసుకోవడం చేతకాలేదు. కంబళి చివికిపోలేదని ఎవరో అనడం మాత్రం విన్నాను. మంట చాలాసేపు మండింది. అందరూ ఆకాశం చూశారు, నేనూ చూశాను, సిగ్గు లేకుండా. మబ్బు తునక లేదు.

బొమ్మను ఊళ్లోకి ఊరేగించి మారెమ్మ గుడి ముందు వసారాలో కూర్చోబెట్టారు. సాయంత్రం హనుమక్క తిన్నగా అక్కడికి నడిచి, మెట్లెక్కి, బొమ్మ మీది కోక కొంగు పట్టి లాగింది. నేను పెట్టిన గుండుసూదులు చిటచిటా రాలాయి. ఆడవాళ్లు కెవ్వుమన్నారు.

"ఇది మాయమ్మ కోక. మీ అమ్మోరికి మీరు కొనిపెట్టుకోండి" అంది. మడత కూడా పెట్టకుండా చంకలో కుక్కుకుని బండెక్కింది. ఆమెను ఆపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

మళ్లీ పావగడ

మర్నాడు మధ్యాహ్నం బస్సుకు పోవాలని సంచి సర్దుకుంటున్నాను. నాగరాజ శెట్టి గొంతు అంగట్లోంచి వినబడింది, ఆ గొంతులో హుషారు నేను వచ్చాక అదే మొదలు. తిమ్మప్ప ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. అమ్మోరు కోక లేకుండా కూర్చుని ఉందట, వేపమండలు కప్పి వచ్చారట. షోకేసులో విప్పేసిన ముదురు ఎరుపు పట్టుకోకనే శెట్టి వాళ్ల ముందు పరిచాడు. ఊరంతా తలా ఇంత వేసుకుని ఆ పట్టు కోక కొన్నారు. పక్క పల్లెవాళ్లు కూడా పెట్టడానికి వస్తారట, ఇంకో రెండు తీసి పెట్టమన్నారు.

శెట్టి నా దగ్గరికి వచ్చి చెవిలో అన్నాడు, "చూస్తిరా సారూ, మీ బొమ్మ యాపారం తెచ్చిందే!"

చెంప పగలగొడదామనిపించింది. కొట్టలేదు. అతని ఉప్పు తిని, అతని నీళ్లు తాగి ఉన్నాను.

హనుమక్క ఎప్పటిలాగే అరుగు మీద మిషను దగ్గర ఉంది. వేరే పని ఏముంది ఆమెకు? తిమ్మప్ప ఎర్ర రైకగుడ్డ తెచ్చి మిషను మీద పెట్టాడు.

"కోకకు జతగా రైక గావల్ల మే. కొలతలు నీకు తెలుసు కదా. పొద్దుగూకేలోపల ఇస్తే తీసుకోనిపోతాం."

ఆమె గుడ్డను ముట్టుకోలేదు.

"తొన్నుదాని కూతురు కుట్టిన రైక అమ్మోరికి ఏస్తారా మామా?"

తిమ్మప్ప ఆమె పక్కన అరుగు మీద చతికిలబడ్డాడు. నాగలమడిక దాకా నడిచి, అక్కడ బస్సెక్కి వచ్చాడు, పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. చాలా ప్రేమగా మాట్లాడాడు, నటన కాదు, అది నేను ఒట్టేసి చెప్పగలను.

"ఆ మాట ఇంగ అనగాకు మే. అంతా కాలిపాయె కదా. బూడిదను ఏట్లో కలిపితిమి. ఇంగ మీ ఇంటికి ఏ దోసమూ లేదు, నువ్వు మాలో మనిషివే."

హనుమక్క మిషను కింద నుంచి తన చెంబు తీసింది. మూత తీసి, కొంగుతో అంచు తుడిచి, నీళ్లు అతని ముందుకు చాపింది.

"ఎండన పడి వస్తివి. తాగు మామా."

తిమ్మప్ప చెంబు వైపు చూశాడు. గొంతులో గుటక పడింది, నాకు కనబడింది. వెంట వచ్చిన ఇద్దరూ రోడ్డు వైపు తిరిగారు.

"దప్పిక లేదులే మే" అన్నాడు.

హనుమక్క చెంబు మూతపెట్టి, రైకగుడ్డ మడిచి అతని ఒళ్లో పెట్టింది.